పొలం అమ్మి కెమెరా కొనాలా? సినిమాటోగ్రాఫర్ కావాలనుకుంటున్న పాలమూరు తమ్ముడికి నా జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇది. కల్వకుర్తి దగ్గరి పల్లెకు చెందిన ఒక తమ్ముడు అడిగాడు. వయసు 24, డిగ్రీ అయింది. నాలుగేళ్ళుగా పెళ్ళిళ్ళకు వీడియో తీస్తున్నాడు. సినిమాటోగ్రాఫర్ కావాలని, ఎప్పటికైనా జాతీయ అవార్డు అందుకోవాలని కోరిక. నాన్న అరెకరం అమ్మి కెమెరా కొనిస్తానంటున్నాడు. కెమెరా కొనాలా, పుణె పోయి చదవాలా, నేరుగా హైదరాబాద్ పోయి, సినిమావాళ్ళుండే కృష్ణానగర్‌లో దిగాలా? టీవీ సీరియల్‌లో అవకాశం వస్తే చేయవచ్చా, చేస్తే ఆ ముద్ర పోకుండా ఉండిపోతుందా?

ముందు జవాబు చెప్తాను తమ్ముడూ. పొలం అమ్మనివ్వకు, కెమెరా కొనకు. డిగ్రీ ఉంది కాబట్టి ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎంట్రన్స్ ఒకసారి గట్టిగా రాయి. సీటు రాకపోతే మంచి కెమెరామన్ దగ్గర అసిస్టెంట్‌గా చేరు, ఐదారేళ్ళు పడుతుందని మనసులో అనుకునే చేరు. సీరియల్ వస్తే చెయ్యి, కానీ ఎప్పుడు బయటికి రావాలో చేరిన రోజే నిర్ణయించుకో. వీటన్నిటికంటే ముందు, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా మొదలుపెట్టాల్సిన పని వెలుగును చూడటం. దానికి మన జిల్లాలకు మించిన బడి లేదు.

నాది నకిరేకల్ దగ్గర పల్లె. 1993లో నల్లగొండ ప్రకాశం బజార్‌లో ఒక ఫోటో స్టూడియోలో పనికి కుదిరాను. 1997లో హైదరాబాద్ వచ్చాను. షూటింగ్‌లకు కెమెరాలు, లైట్లు అద్దెకిచ్చే అవుట్‌డోర్ యూనిట్‌లో కెమెరా అటెండెంట్‌గా మూడేళ్ళు, అసిస్టెంట్‌గా ఆరేళ్ళు చేశాను. 2006 నుంచి టీవీకీ సినిమాలకూ సొంతంగా పనిచేస్తున్నాను. ఒక టెలీఫిల్మ్‌కు ఒకసారి, సినిమాకు ఒకసారి రాష్ట్ర స్థాయి అవార్డు వచ్చింది. నీ ప్రశ్న చదివాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 1996లో మా నాయన కూడా సరిగ్గా ఇదే మాట అన్నాడు. ఇంట్లో ఉన్న ఒక్క జత ఎడ్లను అమ్మి వీడియో కెమెరా కొనిస్తానన్నాడు. మా స్టూడియో ఓనర్ ఆయన్ని కూర్చోబెట్టి చాయ్ తాగించి, "ఎడ్లు పోతే నీకు వ్యవసాయం పోతది, నాలుగేండ్లకు ఆ కెమెరా కూడ పోతది" అని చెప్పి పంపించాడు. ఆ మాట వినకపోయి ఉంటే మా ఇల్లు ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఆయన చెప్పినట్టే జరిగింది. అప్పుడు వీడియో కెమెరా అంటే భుజం మీద పెట్టుకునే, పెద్ద క్యాసెట్ల వీహెచ్ఎస్. కొన్నేళ్ళకే చిన్న డిజిటల్ టేపుల మినీ డీవీ వచ్చింది. 2008లో వీడియో కూడా తీసే ఫోటో కెమెరా కెనాన్ 5డీ మార్క్ 2 వచ్చాక పెళ్ళి వీడియోల రంగమే మారిపోయింది. సినిమా వైపు 2007లో రెడ్ వన్, 2010లో ఆరి అలెక్సా అనే డిజిటల్ కెమెరాలు వచ్చాయి. ఆ తర్వాత నాలుగైదేళ్ళలోనే మన సెట్ల మీద ఫిల్మ్ రీలు కనపడకుండా పోయింది. నా పాతికేళ్ళ పనిలో ఇన్ని కెమెరాలు మారాయి. పెద్ద సినిమాకు వాడే కెమెరాను సినిమాటోగ్రాఫర్ కొనుక్కుని తీసుకురాడు, నిర్మాత అద్దెకు తెస్తాడు. షార్ట్ ఫిల్మ్‌కు కావాలన్నా హైదరాబాద్‌లో రోజు లెక్కన అద్దెకు దొరుకుతుంది. నువ్వు ఇప్పుడు పెళ్ళిళ్ళకు వాడుతున్న కెమెరా ఏదైనా సరే, నేర్చుకోవడానికి అది చాలు.

ఇన్‌స్టిట్యూట్ సంగతి. పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 1960లో మొదలైంది. సినిమాటోగ్రఫీ అక్కడ మూడేళ్ళ కోర్సు, డిగ్రీ ఉన్నవాళ్ళు రాయవచ్చు. అక్కడే టెలివిజన్ విభాగంలో ఏడాది కోర్సులూ ఉన్నాయి, వాటిలో ఎలక్ట్రానిక్ సినిమాటోగ్రఫీ ఒకటి. చాలామందికి ఈ ఏడాది కోర్సు గురించి తెలియక మూడేళ్ళు ఆగలేమని అసలు దరఖాస్తే పెట్టరు. కోల్‌కతాలో సత్యజిత్ రాయ్ పేరు మీద ఇంకో ఇన్‌స్టిట్యూట్ ఉంది. రెండూ ప్రభుత్వానివే. ఇంటర్ అయిన పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఫోటోగ్రఫీ డిగ్రీ గురించి కనుక్కోండి. బాహుబలికి కెమెరా చేసిన సెంథిల్ కుమార్ పుణెలో చదివినవారే. ఆయన మొదటి తెలుగు సినిమా 2003లో వచ్చిన ఐతే, చిన్న బడ్జెట్ సినిమా.

నేను ఇన్‌స్టిట్యూట్‌లో చదవలేదు. అందుకే నిజాయితీగా చెప్తున్నాను, చదివినవాళ్ళ పక్కన నిలబడ్డప్పుడు నాకు లేనిది ఏమిటో తెలిసేది. వాళ్ళు ప్రపంచ సినిమా చూశారు, పెయింటింగ్ గురించి చదివారు, తప్పు చేసి నేర్చుకోవడానికి వాళ్ళకు సమయం దొరికింది. సెట్‌లో తప్పు చేస్తే నిర్మాత డబ్బు పోతుంది, ఇన్‌స్టిట్యూట్‌లో తప్పు చేస్తే మాస్టారు కూర్చోబెట్టి చెప్తారు. అది నాకు దొరకలేదు. నీకు దొరికే దారి ఉంటే వదులుకోకు. కానీ ప్రైవేటు సంస్థలు లక్షల ఫీజు అడిగితే తొందరపడకు. అక్కడ చదివి బయటికొచ్చిన నలుగురిని వెతికి పట్టుకుని, ఇప్పుడు ఏం చేస్తున్నారో అడిగాకే కట్టు.

అసిస్టెంట్ ఏళ్ళు. ఈ రంగంలో ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. రెండేళ్ళు కాగానే తొందర పుడుతుంది. నేను అటెండెంట్‌గా చేరినప్పుడు లెన్స్ పెట్టెలు మోయడం, ఫిల్టర్లు తుడవడం, ట్రైపాడ్ పట్టుకుని పరిగెత్తడం తప్ప ఏమీ చేయనివ్వలేదు. మూడు నెలల వరకు వ్యూఫైండర్‌లో కన్ను పెట్టనివ్వలేదు. అప్పుడు బాధపడ్డాను. తర్వాత అర్థమైంది, ఆ మూడు నెలలూ కెమెరా బయట నిలబడి లైట్‌మెన్ ఏం చేస్తున్నారో చూశాను. ఏ లైటు ముందు స్కిమ్మర్ (వెలుగును మెత్తబరిచే తెర) కట్టారు, ఏ కట్టర్ (వెలుగును ఆపే పలక) ఎక్కడ పెడితే గోడ మీద వెలుగు తగ్గింది, థర్మకోల్ షీటు జానెడు జరిపితే హీరోయిన్ కంటి కింద నీడ ఎలా పోయింది, అన్నీ కళ్ళముందే జరిగాయి.

నా జీవితంలో పెద్ద తప్పు 2000లో చేశాను. అప్పుడు ఫిల్మ్. 400 అడుగుల రీలు నాలుగున్నర నిమిషాల్లోపే అయిపోతుంది. చేంజింగ్ బ్యాగ్ అనే నల్ల సంచిలో చేతులు పెట్టి, కళ్ళతో చూడకుండా, వేళ్ళతోనే రీలు మార్చాలి. ఆ రోజు వాన సీను. ఎనభైమంది జూనియర్ ఆర్టిస్టులు, ఫైర్ ఇంజిన్‌తో వాన. తొందరలో సంచి జిప్ చివరిదాకా లాగలేదు. రీలులోకి వెలుగు దూరింది. మర్నాడు ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది, సగం రీలు పోయిందని. నాకు కాళ్ళలో సత్తువ లేదు. మా కెమెరామన్ నా వైపు కూడా చూడలేదు. నేరుగా నిర్మాత దగ్గరికి పోయి, "తప్పు నా డిపార్ట్‌మెంట్‌ది, నాది" అన్నారు. నా పేరు ఎత్తలేదు. ఆ రాత్రి లాడ్జి గదిలో లైటు ఆర్పేసి, ఒక పాత రీలు ఇచ్చి, వంద సార్లు లోడ్ చేయమన్నారు. తెల్లవారేదాకా చేశాను. ఆయన పక్క మంచం మీద పడుకుని, ప్రతి క్లిక్కూ వింటూ మేలుకునే ఉన్నారు.

అందుకే గురువు విషయంలో నా సలహా ఇది. ఆయన చేసిన సినిమాల పేర్లు చూసి ఎంచుకోకు. ఆయన దగ్గర పనిచేసిన అసిస్టెంట్లు ఎంతమంది సొంతంగా నిలబడ్డారో చూసి ఎంచుకో. పదిహేనేళ్ళుగా అదే అసిస్టెంట్లు, అదే పనిలో ఉంటే అక్కడికి పోకు. గురుశిష్యుల వరస ఎంత దూరం పోతుందో చెప్పడానికి నాకెప్పుడూ గుర్తొచ్చేది హిందీ సినిమాల కెమెరామన్ వి.కె.మూర్తిగారు. 1959లో కాగజ్ కే ఫూల్ సినిమాలో ఆయన పట్టిన వెలుగు కిరణం గురించి మా తరం కథలు కథలుగా చెప్పుకుంది. ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసిన గోవింద్ నిహలానీ తర్వాత శ్యామ్ బెనెగల్ అంకుర్‌కు కెమెరా చేశారు. 1974లో వచ్చిన ఆ సినిమా కథ మన తెలంగాణ పల్లెదే. ఆ తర్వాత జునూన్‌కు నిహలానీకి జాతీయ అవార్డు వచ్చింది. దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్న మొదటి సినిమాటోగ్రాఫర్ మూర్తిగారు. అది 2008 సంవత్సరానికి ప్రకటించిన అవార్డు, అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి.

ఇప్పుడు టీవీ సంగతి, ఎందుకంటే మూర్తిగారి కథ కూడా టీవీ దగ్గరికే వస్తుంది. ఆ వి.కె.మూర్తిగారే 1988లో దూరదర్శన్‌లో వచ్చిన భారత్ ఏక్ ఖోజ్ సీరియల్‌కు కెమెరా చేశారు. నిహలానీ తమస్ తీసింది కూడా దూరదర్శన్ కోసమే. సినిమాలో అంత పేరున్న మనుషులు టీవీని చిన్నచూపు చూడలేదు. నువ్వూ చిన్నచూపు చూడాల్సిన పని లేదు.

అయితే ముద్ర పడుతుందా అన్నావు. పడుతుంది. ఫిల్మ్‌నగర్‌లో "సీరియల్ కెమెరామన్" అనే మాట ఉంది, అది నేనూ విన్నాను, రెండు సినిమాలు ఆ ఒక్క మాటతో చేజారాయి. ఓటీటీలు వచ్చాక ఆ గోడ చాలావరకు పలుచబడింది, పూర్తిగా పోలేదు. కానీ అసలు ప్రమాదం ముద్రలో లేదు, అలవాటులో ఉంది. డైలీ సీరియల్‌లో రోజుకు ఒక ఎపిసోడ్, అంటే ఇరవై నిమిషాల పైచిలుకు తీయాలి. సినిమాలో రోజుకు రెండు మూడు నిమిషాలు వస్తే మంచి రోజు. అంత వేగం కావాలంటే రెండు మూడు కెమెరాలు ఒకేసారి నడవాలి, ఎటు నుంచి చూసినా ముఖం కనిపించాలి. దాంతో గది నిండా ఒకే తీరు వెలుగు కొడతారు. హాలు, బెడ్‌రూమ్, గుడి, ఆస్పత్రి అన్నీ ఒకేలా ఉంటాయి. రెండేళ్ళు అలా చేస్తే చేతికి వేగం వస్తుంది, నాలుగేళ్ళు చేస్తే కంటికి నీడ కనపడటం మానేస్తుంది. అందుకే ముందే గడువు పెట్టుకోమన్నాను. ఇంటి పరిస్థితి వల్ల అందులోనే ఉండాల్సి వస్తే సిగ్గుపడకు. నెల నెలా జీతం వచ్చే పని ఈ రంగంలో చాలా అరుదు. ఆ జీతంతో పిల్లల్ని చదివించుకున్న మంచి కెమెరామన్లు నాకు తెలుసు, వాళ్ళంటే నాకు గౌరవం.

నాకు అవార్డు తెచ్చిన టెలీఫిల్మ్ గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే నీ ప్రశ్నలో అసలు విషయం ఇక్కడ ఉంది. 2006. పాలమూరు నుంచి వలసపోయిన కుటుంబం పండక్కి ఇంటికి తిరిగొచ్చే కథ. అచ్చంపేట దగ్గర ఒక మట్టింట్లో షూటింగ్. చిన్న అర్ర, ఒకటే దర్వాజ, పైన పొగ పోయే గవాక్షి ఒకటి. అందులో ముసలితల్లి విసుర్రాయి తిప్పుతుంటుంది. మేం తీసుకెళ్ళిన లైట్లు లోపల పెట్టాం. పెట్టగానే ఆ ఇల్లు ఇల్లులా లేదు, సెట్టులా అయింది. గోడల మీది మసి, చేతులు తగిలి నునుపెక్కిన దర్వాజ కట్టె, అన్నీ మాయమయ్యాయి. లైట్లన్నీ తీయించేశాను. దర్వాజ బయట ఎండలో ఒక తెల్ల ధోతి కట్టి, దాని మీద పడ్డ ఎండ లోపలికి తిరిగేలా చేశాను. తల్లి ముఖం సగం వెలుగులో, సగం చీకట్లో ఉంది. గవాక్షిలోంచి పిండి మీద ఒక చిన్న వెలుగు ముక్క పడింది.

డైరెక్టర్‌కు నచ్చింది. కానీ టీవీకి వెళ్ళేముందు సాంకేతిక పరిశీలన ఉంటుంది. లెవెల్స్ (బొమ్మలో వెలుగు కొలత) తక్కువ ఉన్నాయని, ఇళ్ళల్లో పాత టీవీ డబ్బాల్లో ఏమీ కనపడదని మొదటి రోజు ఫుటేజ్ వెనక్కి పంపారు. వాళ్ళు చెప్పినదాంట్లో తప్పు లేదు. అప్పటి పిక్చర్ ట్యూబు టీవీలో, పట్టపగలు, దర్వాజ తెరిచి ఉన్న ఇంట్లో చూసే ప్రేక్షకుడికి చీకటి సీను అంటే నల్ల తెరే. రాత్రంతా ఆలోచించాను. పొద్దున్నే ఆ ఇంటివాళ్ళను అడిగి తల్లి వెనక గోడకు సున్నం వేయించాను. మన దగ్గర ఇళ్ళకు పండగ ముందు సున్నం వేయడం మామూలే కాబట్టి కథకూ సరిపోయింది. ఇప్పుడు వెనక గోడ తెల్లగా వెలిగింది, కొలిచే మీటరుకు కావాల్సిన లెవెల్ వచ్చింది. ఆమె ముఖం మాత్రం ఆ తెలుపు ముందు అలాగే సగం నీడలో నిలబడింది. ఒక్క లైటు పెంచలేదు. ఆ సీనుకే అవార్డు వచ్చిందని తర్వాత జ్యూరీలో ఒకరు నాతో అన్నారు.

ఈ ఉపాయం నాకు ఏ కెమెరా నేర్పలేదు. నల్లగొండలో పెళ్ళిళ్ళు తీసిన రోజుల్లో నేర్చుకున్నాను. అప్పుడు ఒక చేత్తో హాలోజన్ లైటు పట్టుకుని పెళ్ళికూతురి ముఖం మీద కొట్టేవాళ్ళం. మునుగోడు దగ్గర ఒక పెళ్ళిలో నాయనమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఆ లైటు బంద్ చెయ్యి బిడ్డా, పిల్ల కండ్లు తెరుస్తలేదు" అంది. ఆర్పేశాను. పక్కన పెట్రోమాక్స్ ఉంది. దాన్ని తెల్లటి పందిరి గుడ్డ దగ్గరికి జరిపాను. గుడ్డ మీద పడిన వెలుగు మెత్తగా ఆ పిల్ల ముఖం మీదికి వచ్చింది. పిల్ల కళ్ళు తెరిచింది, నవ్వింది. క్యాసెట్ చూసి వాళ్ళ నాన్న నాకు యాభై రూపాయలు ఎక్కువిచ్చాడు. నువ్వు నాలుగేళ్ళు పెళ్ళిళ్ళు తీశావు. అది తక్కువ పని అనుకుంటున్నావని నీ ప్రశ్న చదివితే అనిపించింది. అలా అనుకోకు. రీటేక్ లేని చోట, ఎవరి మాటా వినని జనం మధ్య, పంతులుగారు తాళి ఎత్తిన క్షణాన్ని పట్టుకోవడం తెలిసినవాడు డాక్యుమెంటరీ సెట్‌లో భయపడడు.

మన ప్రాంతపు వెలుగు గురించి నాలుగు మాటలు, ఇవి ఏ పుస్తకంలోనూ దొరకవు. నల్లగొండ 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. మే రెండో వారం దరిదాపుల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నీడ కాళ్ళకిందే ఉంటుంది. ఆ ఎండలో ముఖం తీస్తే కనుగుంటలు రెండు నల్లటి గుంతల్లా పడతాయి. బయటి నుంచి వచ్చిన కెమెరామన్లు ఆ టైములో షూటింగ్ ఆపేస్తారు. కానీ మనిషిని ఎర్రచెల్కలో నిలబెట్టి చూడు. ఆ ఎర్రమట్టి కింది నుంచి వెలుగును వెనక్కి కొడుతుంది, చామనఛాయ ముఖానికి వెచ్చటి రంగు వస్తుంది. అదే మనిషిని నల్లరేగడిలో నిలబెడితే కింది నుంచి వచ్చే వెలుగు మింగుకుపోతుంది, ముఖం మోటుగా తయారవుతుంది. కార్తీకంలో పత్తి పగిలాక చేను మధ్యలో నిలబెట్టి చూడు, పదెకరాల తెల్ల రిఫ్లెక్టర్ అది. ఇంత పెద్ద రిఫ్లెక్టర్ ఏ యూనిట్‌వాడూ అద్దెకివ్వడు. నా సినిమాలో ఒక పాట మొత్తం పత్తి చేను వెలుగుతోనే తీశాను.

ఇక నల్లని ముఖాలు. మన మనుషుల్ని మనం తెల్లగా చూపించాలని తాపత్రయపడతాం. అది తప్పని నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. నల్లటి చర్మానికి ఎక్కువ వెలుగు కొట్టకు. పెద్ద మెత్తటి వెలుగును పక్కనుంచి పెట్టి, చర్మం మీద మెరుపు రానివ్వు. పొలంలో చెమట పట్టిన భుజం మీద వచ్చే మెరుపు చూశావు కదా, అదే. బి.నర్సింగరావుగారి దాసి తప్పకుండా చూడు. దొర గడీలో దాసి బతుకు కథ అది. దానికి కెమెరా చేసిన ఎ.కె.బీర్‌కు జాతీయ అవార్డు వచ్చింది. కళా దర్శకుడు తోట వైకుంఠంగారికీ, అర్చనకూ ఆ సినిమాకే జాతీయ అవార్డులు వచ్చాయి. మొదటిసారి మామూలుగా చూడు. రెండోసారి సౌండు తీసేసి చూడు, ప్రతి షాట్‌లో వెలుగు ఎక్కడి నుంచి వస్తోందో నోట్‌బుక్‌లో గీసుకో. ముత్యాల ముగ్గును కూడా అలాగే చూడు, 1975 నాటి ఆ సినిమాకు ఇషాన్ ఆర్యకు జాతీయ అవార్డు వచ్చింది. నలుపు తెలుపులో మార్కస్ బార్ట్‌లే మాయాబజార్‌లో పుట్టించిన వెన్నెల చూడు.

అవార్డు గురించి నువ్వు అడిగావు కాబట్టి ఉన్న సంగతి చెప్తాను. జాతీయ అవార్డుకు మనం స్వయంగా పోటీలో దిగలేం. ఆ ఏడాది సెన్సార్ అయిన సినిమాను నిర్మాత ఎంట్రీగా పంపాలి. ఎంత బాగా తీసినా నిర్మాతకు ఓపిక లేక పంపకపోతే అంతే సంగతి. నాకు తెలిసి రెండు మంచి సినిమాలు అలాగే ఉండిపోయాయి. రాష్ట్రం విడిపోయాక కొన్నేళ్ళు రాష్ట్ర అవార్డులు ఆగిపోయాయి. 2025లో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరు మీద సినిమా అవార్డులు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి కథ దొరకడం, దాన్ని నమ్మే డైరెక్టర్ దొరకడం, ఆ ఏడాది జ్యూరీ, ఇవేవీ నీ చేతుల్లో ఉండవు. కథ ఎంచుకోవడం మాత్రం నీ చేతుల్లో ఉంటుంది. నాకు డబ్బు ఎక్కువిస్తామన్న ఒక సినిమాను వదులుకుని ఆ టెలీఫిల్మ్ చేశాను. ఇంట్లో ఆ నెల కిరాయికి అప్పు చేశాం. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. అవార్డు తీసుకున్న రోజు ఆమెను స్టేజీ మీదికి పిలవలేకపోయానన్న బాధ ఇంకా ఉంది.

డబ్బు గురించి కూడా తెలుసుకోవాలి. 1997లో నాకు రోజుకు 120 రూపాయల బేటా (రోజు భత్యం). ఇప్పటికీ కొత్త అసిస్టెంట్‌కు వచ్చేది హైదరాబాద్‌లో గది కిరాయికి, తిండికి సరిపోతే గొప్ప. 2003లో ఒక నిర్మాణ సంస్థ నలభై రోజులు పని చేయించుకుని చివరి చెక్కు ఇవ్వలేదు, ఇవాళ్టికీ రాలేదు. అప్పటి నుంచి షెడ్యూల్ మధ్యలోనే సగం తీసుకోవడం నేర్చుకున్నాను. యూనియన్ కార్డు సంగతి చేరిన మొదటి ఏడాదే నీ కెమెరామన్‌ను అడుగు, ఆలస్యం చేసినకొద్దీ కష్టం. పెళ్ళి పనులు మాత్రం మానకు. మాఘంలో, శ్రావణంలో ముహూర్తాలు ఉన్నప్పుడు ఊరికి వచ్చి సంపాదించుకో. ఆషాఢంలో, మూఢాల్లో ఎలాగూ పెళ్ళిళ్ళు ఉండవు, ఆ రోజుల్ని హైదరాబాద్‌కు కేటాయించు. మొదటి రెండేళ్ళు నేను అలాగే బతికాను. నడుము గురించి కూడా ఇప్పుడే జాగ్రత్తపడు. నేను పట్టించుకోలేదు, నలభై ఐదు దాటాక రెండు నెలలు మంచం పట్టాను.

చిన్న సాంకేతిక విషయం ఒకటి, పెళ్ళి వీడియోలకు కూడా రేపటి నుంచే పనికొస్తుంది. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీలు ఉన్న ఫంక్షన్ హాల్లో వీడియోలో చారలు, వణుకు వస్తున్నాయంటే కారణం అదే. షటర్ 1/50కి, అంటే సెకనులో యాభయ్యో వంతుకు పెట్టు, చాలావరకు పోతుంది. 24 ఫ్రేముల్లో తీస్తూ షటర్‌ను డిగ్రీల్లో పెట్టే కెమెరా అయితే 180 బదులు 172.8 పెట్టు. అదీ 1/50యే అవుతుంది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన పని. ముహూర్తాలు లేని ఒక రోజు చూసుకుని, దేవరకొండ మీదుగా నల్లగొండ రా. పట్నాన్ని ఆనుకునే పానగల్ ఉంది, అక్కడ ఛాయా సోమేశ్వరాలయం. మూడు గర్భగుళ్ళు ఒకే మండపంలోకి తెరుచుకుంటాయి. శివుడి గర్భగుడిలో లింగం వెనక గోడ మీద ఒక స్తంభం నీడ పడుతుంది. పొద్దున పడ్డ నీడ సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది, సూర్యుడితోపాటు జరగదు. చిన్నప్పుడు మా నాయన భుజాల మీద కూర్చుని చూసి దేవుడి మహిమ అనుకున్నాను. ఇప్పటికీ దండం పెడతాను. కెమెరామన్ అయ్యాక ఇంకో సంగతి అర్థమైంది. లోపలికి వచ్చేది నేరుగా పడే ఎండ కాదు. పక్కల ఖాళీల్లోంచి చెదిరి వచ్చే ఆకాశపు వెలుగు. ఎదురుగా ఉన్న స్తంభాలు దాన్ని అడ్డుకున్న చోట నీడ నిలుస్తుంది. వెలుగు వచ్చే దారులు మారవు కాబట్టి నీడ కదలదు. స్కిమ్మర్, కట్టర్ పెట్టి మేం సెట్‌లో గంటలు గంటలు కష్టపడి చేసేది వెయ్యేళ్ళ కింద మన స్థపతులు రాయితో చేసి పెట్టారు. మన భాషలో ఈ పని చేసేవాణ్ణి ఛాయాగ్రాహకుడు అంటారు కదా, ఆ మాట అర్థం నాకు ఆ గుడిలోనే తెలిసింది.

అక్కడ పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా కూర్చో. ఫోన్ చాలు, కెమెరా తేకు. ఫోటోకు అనుమతి ఉందో లేదో పూజారిగారిని ముందు అడుగు. ఫ్లాష్ ఆఫ్ చెయ్యి, ఎక్స్‌పోజర్ (ఫోన్ తీసుకునే వెలుగు మోతాదు) మారకుండా లాక్ చెయ్యి, గంటకొక ఫోటో తియ్యి. ప్రతిసారీ నీడ ముదురు ఎంత మారింది, అంచు పదును ఎంత మారింది, మబ్బు పట్టినప్పుడు ఏమైంది, రాసుకో. శివరాత్రికి, కార్తీక సోమవారాలకు రాకు, జనం ఉంటారు, నీకు చోటు దొరకదు. ఇంకో రోజు మీ దగ్గర్లో ఒక పెద్ద మర్రి కింద మధ్యాహ్నం పన్నెండుకు నిలబడి, ఆకుల సందుల్లోంచి పడే వెలుగులో ఒక మనిషి ముఖం తీసి చూడు. మూడోది మీ ఇంట్లోనే, మీ అమ్మ పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు, లైటు వేయకుండా.

గుడిలో తీసిన తొమ్మిది, మర్రి కింద ఒకటి, అమ్మది ఒకటి. ఈ పదకొండు ఫోటోలూ రాసుకున్న నోట్స్‌తో సహా ఇక్కడే పెట్టు. ఒక్కొక్కటీ చూసి, ఎక్కడ ఏం చేయవచ్చో నేను రాస్తాను. పొలం సంగతి మాత్రం ఇవాళే నాన్నకు చెప్పు.